అరుదైన పక్షి - నమ్మదగిన సాక్ష్యం

మన ఇండ్లలో ఎవరైనా తమను తాము అందరికంటె గొప్పవారుగా భావించుకొని ప్రవర్తిస్తే పెద్దలు ఉర్దూలో ఒక మాట అంటారు: “క్యా సుర్ఖాబ్ కే పర్ లగే హైఁ?” సుర్ఖాబు ఈకలేమైనా మొలిచినవా అని దాని భావం. ఈ మాటను చిన్ననాటి నుండి వింటూ పెరిగిన నాకు సుర్ఖాబు అంటే కథలలోని పక్షి అనే అభిప్రాయమే ఉండేది. తరువాత విశ్వవిద్యాలయంలో తెలుగు ఎం.ఏ. చదివే రోజులలో ప్రబంధాల ద్వారా జక్కవ పరిచయమైంది. పగలంతా జంటగా విహరించి, రాత్రి కాగానే ఏటికి చెరొక ఒడ్డున చేరి ఒకదానికై మరొకటి అలమటిస్తుందని కవులు చెప్పిన చక్రవాకమే ఈ జక్కవ. ఉపన్యాసకుడనైన తరువాత ఆ కవిసమయాన్ని దాదాపు పది సంవత్సరాలు తరగతిలో వివరించాను. అయితే సుర్ఖాబు, జక్కవ ఒకే బాతుకు రెండు పేర్లని ఇటీవలి వరకు నాకు తెలియదు. లడఖ్, టిబెట్, మధ్య ఆసియా ప్రాంతాలలో పిల్లలను పెంచుకొని, చలికాలానికి మన దేశపు జలాశయాలకు దిగివచ్చే నారింజవన్నె బాతు అది. రెండు భాషలలో దాని పేరు నా నోటికి తెలుసు. ఒక్కనాడైనా నా కంటికి తెలియదు.

ఈ లోపం నా ఒక్కడిదే అయితే దానిని ఈ సంచికలో ప్రస్తావించవలసిన అవసరం ఉండేది కాదు. మన చదువులో విన్నదానికి ఉన్న గౌరవం చూచినదానికి లేదు. ఆ కారణం చేతనే రెండు చలికాలాల క్రితం నేను ఒక తప్పు చేశాను. దానిని చెప్పుకొనడానికీ, దాని నుండి నేర్చుకొన్నదానిని విద్యార్థుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచడానికీ ఈ వ్యాసం.

అది డిసెంబరు నెల. మొదటి పీరియడుకు వెళుతుండగా రెండవ సంవత్సరం విద్యార్థి ఒకడు వరండాలో నన్ను ఆపాడు. అతని తండ్రి మన కళాశాల వెనుక ఉన్న చెరువులో చేపలు పట్టి జీవిస్తాడు. “సార్, మన చెరువులోకి కొత్త బాతు వచ్చింది” అంటూ చేతిలోని ఫోను నాకు చూపాడు. బూడిదరంగు నీటి మీద గోధుమ ఛాయ గల ఒక చిన్న మచ్చ తప్ప అందులో నాకేమీ కనిపించలేదు. “ఎవరి పెంపుడు బాతో అయి ఉంటుంది. పరీక్షలు దగ్గరపడుతున్నవి, వెళ్లి చదువుకో” అని నవ్వాను. చుట్టూ ఉన్నవారు కూడ నవ్వారు. అతడు తల వంచుకొని, “పెంపుడుది కాదు సార్. నేను రోజూ చూసే బాతులలో ఇది లేదు” అని మెల్లగా అన్నాడు. ఆ మాటను నేను విన్నాను గాని దాని విలువను గ్రహించలేదు.

నాలుగు రోజుల తరువాత జంతుశాస్త్ర శాఖలోని మిత్రునితో మాటల సందర్భంలో ఈ సంగతి దొర్లింది. ఆయన వెంటనే ఆ విద్యార్థిని పిలిపించి ప్రశ్నలు వేశారు. ఏ తేదీన చూచావు? ఎన్ని గంటలకు? ఏ గట్టు మీద నిలబడి చూచావు? సూర్యుడు నీకు ఎదురుగా ఉన్నాడా, వెనుక ఉన్నాడా? పక్కన ఉన్న బాతులకంటె పెద్దదా, చిన్నదా? మునిగి తిన్నదా, తల మాత్రమే ముంచి తిన్నదా? ఎగిరినప్పుడు రెక్క మీద తెలుపు కనిపించిందా? ప్రతి ప్రశ్నకు ఆ అబ్బాయి దగ్గర సమాధానం ఉన్నది. రెండు ప్రశ్నలకు మాత్రం “అది నేను చూడలేదు సార్” అన్నాడు. ఆ రెండు సమాధానాలూ విన్న తరువాతనే మా మిత్రునికి అతని మీద పూర్తి నమ్మకం కలిగింది. ముగ్గురం కలిసి చెరువుకు వెళ్లాము. పక్షి లేదు. ఛాయాచిత్రం మరీ చిన్నది. “ఈ ఆధారంతో దీనికి పేరు పెట్టడం న్యాయం కాదు” అని మా మిత్రుడు తేల్చారు. ఆ రోజే నేను వెళ్లి ఉంటే, కళాశాలలోని మంచి కెమెరాను వెంట తీసుకొని వెళ్లి ఉంటే, ఆ బాతు ఏదో ఈనాడు మనకు తెలిసి ఉండేది. అది సాధారణమైనదే కావచ్చు. ఈ ప్రాంతంలో అంతకు ముందెన్నడూ ఎవరూ చూడనిదైనా కావచ్చు. తెలుసుకొనే అవకాశాన్ని పోగొట్టినవాడిని మాత్రం నేను.

ఒక బాతు కోసం ఇంత బాధ దేనికని కొందరికి తోచవచ్చు. వారికి అస్సాం రాష్ట్రంలో 2021లో జరిగిన ఒక సంఘటనను చెప్పాలి. తిన్‌సుకియా జిల్లాలో దిబ్రూ-సైఖోవా జాతీయోద్యానానికి సమీపంలో మాగురీ-మోటాపుంగ్ బీలు అనే విశాలమైన చిత్తడి జలాశయం ఉన్నది. బీలు అన్న మాట మనకు పూర్తిగా కొత్తది కాదు. శ్రీకాకుళం జిల్లా సోంపేట ప్రాంతంలో ఇటువంటి చిత్తడి నేలను బీల అంటారు. ఆ సంవత్సరం ఫిబ్రవరిలో, పక్షులను చూడవచ్చే యాత్రికులకు దారి చూపి జీవించే స్థానికుడొకరు ఆ బీలులో ఒక విచిత్రమైన మగబాతును చూచి గుర్తించారు. ఎర్రని ముక్కు, కంటి మీదుగా వెనుకకు సాగిన వెడల్పైన తెల్లని చార, బుగ్గల మీద నారింజవన్నె ఈకల కుచ్చు, ఊదారంగు రొమ్ము, వీపు మీద తెరచాపలవలె లేచి నిలిచే రెండు నారింజ ఈకలు - ఇవి దాని గుర్తులు. అది మాండరిన్ బాతు. 1758లో లిన్నేయస్ శాస్త్రీయ నామం పెట్టిన ఈ పక్షి నివాసం రష్యా తూర్పు ప్రాంతం, చైనా, కొరియా, జపాన్ దేశాలు. చెట్టు తొర్రలలో గుడ్లు పెడుతుంది. చలికాలంలో దక్షిణ చైనా వైపు దిగుతుంది గాని, మన దేశం దాని దారిలో లేదు.

వార్త దేశమంతటా వ్యాపించింది. దూరప్రాంతాల నుండి కెమెరాలతో ఎందరో బయలుదేరి వచ్చారు. దాదాపు నూట ఇరవై సంవత్సరాల తరువాత ఈ బాతు మళ్లీ వచ్చిందని పత్రికలు వ్రాసినవి. ఆ మాటకు ఆధారం ఏమిటి? 1902లో అదే తిన్‌సుకియా ప్రాంతంలో, దిబ్రూ నది మీద మాండరిన్ బాతును చూచినట్లు ఎవరో వ్రాసిపెట్టారు. ఆ ఒక్క నమోదు లేకపోయినట్లయితే 2021 నాటి పక్షిని దేనితో పోల్చగలము? 1902లో వ్రాసిన ఆ నాలుగు మాటలు నూట పంతొమ్మిది సంవత్సరాలు నిలిచి, తరువాతి తరానికి పనికివచ్చినవి. మరొక విశేషం కూడ ఉన్నది. నడుమ ఈ పక్షి మన దేశానికి బొత్తిగా రాలేదనుకొనడం పొరపాటు. 2013లో మణిపూర్‌లోని లోక్‌తాక్ సరస్సులోను, 2014లో అస్సాంలోని మానస్ ప్రాంతంలోను దీనిని చూచిన నమోదులున్నవి. శతాబ్దానికి పైగా విరామం తరువాత వచ్చిందనడం వినడానికి ఇంపుగా ఉంటుంది. నమోదు పుస్తకం తెరిచి చూస్తే ఆ ఇంపు కొంత తగ్గుతుంది. ఆ తగ్గింపును సంతోషంగా అంగీకరించగలవాడే నిజమైన పరిశీలకుడు.

ఇక్కడ విద్యార్థులు ఒక విషయం ఆలోచించాలి. ఆ వచ్చినది మగపక్షి కాబట్టి, రంగుల సింగారం కాబట్టి లోకం గుర్తించింది. ఆడ మాండరిన్ బాతు బూడిద, గోధుమ రంగుల కలయిక. కంటి చుట్టూ తెల్లని వలయం, దాని వెనుక సన్నని తెల్లని గీత తప్ప ఆడంబరమేమీ ఉండదు. ఈకలు మార్చుకొనే కాలంలో మగపక్షి సైతం ఇంచుమించు అలాగే కనిపిస్తుంది. ముక్కు ఎరుపు మాత్రం మిగులుతుంది. అటువంటి పక్షి వచ్చి ఉంటే ఎందరు గుర్తించేవారు? ఎన్ని సాదా రంగుల అతిథులు మన చెరువులలో దిగి, పది రోజులుండి, ఎవరికీ తెలియకుండ వెళ్లిపోయినవో చెప్పగలమా? వాటిని పట్టుకొనగలిగిన కన్ను ఒక్కటే - అక్కడి నిత్యవాసులను క్షుణ్ణంగా ఎరిగిన కన్ను. “నేను రోజూ చూసే బాతులలో ఇది లేదు” అన్న ఆ విద్యార్థి మాటలో ఉన్న విలువ ఇదే. సామాన్యమైనదానిని ప్రతిదినం శ్రద్ధగా చూచినవానికి మాత్రమే అసామాన్యమైనది కనబడుతుంది.

పక్షులు దారి తప్పడానికి కారణాలు అనేకం. తుఫాను గాలులు వాటిని పక్కకు నెట్టవచ్చు. మొదటిసారి ప్రయాణించే పిల్లపక్షి పుట్టుకతో వచ్చిన దిశాజ్ఞానంలో పొరపాటు పడవచ్చు. వేరే జాతి గుంపులో కలిసి అవి వెళ్లే చోటికే వెళ్లవచ్చు. మామూలు శీతకాలపు తావులు గడ్డకట్టినా, ఎండిపోయినా కొత్త తావులు వెదుక్కొనవచ్చు. వీటికి తోడు మరొక కారణం మనుష్యులది: పంజరం నుండి తప్పించుకొనడం. 2018 అక్టోబరులో న్యూయార్క్ నగరంలోని సెంట్రల్ పార్కు కొలనులో ఒక మగ మాండరిన్ బాతు ప్రత్యక్షమైంది. నగరమంతా దాని వెంట పడింది. అయితే దాని కాలికి ఒక పట్టీ ఉన్నది. అది ఎవరో పెంచుకొన్న పక్షి అని పరిశీలకులు నిర్ణయించారు. అందం అదే, ఆశ్చర్యం అదే. శాస్త్రానికి దాని అర్థం మాత్రం వేరు. బ్రిటన్‌లో అయితే ఇలా తప్పించుకొన్న మాండరిన్ బాతులు బయట స్థిరపడి పిల్లలను పెంచుకొంటూ స్వతంత్రంగా జీవిస్తున్నవి. కనుక ఒక అరుదైన బాతును చూచినప్పుడు దాని ముఖంతోపాటు కాళ్లను కూడ చూడాలి. పట్టీ ఉన్నదా? రెక్కల ఈకలు కత్తిరించినట్లున్నవా? మనిషిని చూచి బెదురుతున్నదా, గింజల కోసం చేరువకు వస్తున్నదా? ఆ జాతి సహజంగా వలస తిరిగే కాలమేనా? అస్సాం బాతు విషయంలో ఋతువు, దక్షిణ చైనాకు గల సామీప్యం, పూర్వపు నమోదులు అన్నీ అది సహజంగా వచ్చిన అతిథి అనడానికి అనుకూలంగా ఉన్నవి. కళ్లకు కనిపించినది ఒకటి, దాని నుండి మనం చేసే నిర్ణయం మరొకటి. ఈ రెంటినీ కలిపివేయరాదు.

పాతకాలంలో అరుదైన పక్షికి రుజువు తుపాకి. కొట్టి తెచ్చిన పక్షి చర్మం పెట్టెలో ఉంటేనే ఆ మాటను నమ్మేవారు. ఈనాడు ఆ స్థానాన్ని ఛాయాచిత్రం ఆక్రమించింది. పక్షి తన దారిన తాను పోతుంది, రుజువు మన దగ్గర నిలుస్తుంది. నాగరికత సాధించిన మెచ్చదగిన మార్పులలో ఇది ఒకటి. అయినా చర్మం గాని, చిత్రం గాని తనంతట తాను సాక్ష్యం కాదు. దాని పక్కన నిలబడిన మనిషి సత్యవంతుడై ఉండాలి. రిచర్డ్ మైనర్ట్‌జాగన్ అనే ప్రసిద్ధ ఆంగ్ల సైనికాధికారి ఇతరుల సేకరణల నుండి పక్షి చర్మాలను అపహరించి, వాటికి తన పేరుతో, తప్పుడు తేదీలతో, తప్పుడు స్థలాలతో చీటీలు కట్టాడు. మన మధ్య భారతదేశపు అటవీ పగిడికంటె విషయంలో ఇదే జరిగింది. 1880ల నాటి చర్మాన్ని తాను 1914లో సేకరించినట్లు అతడు చూపాడు. ఆ చీటీని నమ్మి ఆ గుడ్లగూబను వెదికినవారు పొరపాటు దారి పట్టారు. చీటీ అబద్ధమని గ్రహించి, నిజమైన నమూనాలు దొరికిన తావులను పట్టుకొని వెదకిన తరువాతనే, 1997లో మహారాష్ట్రలో ఆ పక్షి మళ్లీ కనబడింది. ఇంగ్లండులోని హేస్టింగ్స్ ప్రాంతంలో 1892 మొదలు 1930 వరకు దొరికినట్లు చెప్పిన అరుదైన పక్షుల నమోదులు ఎన్నో అనుమానాస్పదమైనవని 1962లో తేల్చి, వాటిని జాబితాల నుండి తొలగించవలసి వచ్చింది. ఒక్క మనిషి కీర్తికాంక్ష ఎంతమంది శ్రమను వృథా చేయగలదో ఈ ఉదాహరణలు చాటుతున్నవి.

మన కాలంలో ఈ ప్రమాదం ఇంకా పెరిగింది. అసలు లేని పక్షిని ఉన్నట్లు చిత్రించగల కృత్రిమ మేధ ప్రతివాని చేతిలోని ఫోనులోకి వచ్చింది. లోక్‌తాక్ సరస్సు పక్షిని మన ఊరి చెరువులో నిలబెట్టడానికి నిమిషం చాలు. ఒకప్పుడు చిత్రం మనిషి మాటకు బలం చేకూర్చింది. ఇకమీదట మనిషి నడవడి చిత్రానికి బలం చేకూర్చవలసి ఉన్నది. అందుచేత ఫోనుతో చిత్రం తీసే విద్యార్థులు కొన్ని నియమాలు పాటించాలి. తీసిన చిత్రాన్ని మార్చకుండా, కత్తిరించకుండా అసలు ప్రతిని దాచాలి. పక్షిని దగ్గరగా తీసిన చిత్రంతోపాటు గట్టు, చెట్లు, పక్కనున్న ఇతర పక్షులు కనిపించేటట్లు మరొకటి తీయాలి. పరిమాణం, స్థలం రెండూ దాని వలన తెలుస్తవి. తేది, గంట, నిలబడిన చోటు, వెలుతురు తీరు, పక్షి చేసిన పనులు అక్కడికక్కడే కాగితం మీద వ్రాయాలి. పక్షుల పుస్తకం తెరవడం ఆ తరువాతి పని. ముందే తెరిస్తే బొమ్మలో ఉన్నదే కంటికి కనిపించినట్లు భ్రమ కలుగుతుంది. చూడనిదానికి ఎదురుగా “చూడలేదు” అని వ్రాయడానికి సిగ్గుపడరాదు.

చూచే తీరులో మర్యాద కూడ ఒక భాగమే. దారి తప్పి వచ్చిన పక్షి అలసి, ఆకలితో ఉంటుంది. మంచి చిత్రం కోసం పడవ వేసుకొని తరమడం, రాయి విసరి ఎగిరించడం, గుంపులుగా గట్టు మీద కేకలు వేయడం అతిథిని అవమానించడమే అవుతుంది. పక్షి తినడం మాని తల ఎత్తి మన వైపు చూచిందంటే మనం అప్పటికే హద్దు దాటినట్లు. ఆ చిత్రం లేకపోయినా లోకానికి నష్టం లేదు.

అస్సాం సంఘటనలో నా మనస్సును కలచివేసిన అంశం వేరొకటి ఉన్నది. ఆ బాతు వచ్చిన బీలుకు సమీపంలో, బాగ్‌జాన్ వద్ద, 2020 మే 27న ఒక సహజవాయు బావి పేలి అదుపు తప్పింది. జూన్ 9న దానికి నిప్పు అంటుకొన్నది. ఆ మంటను పూర్తిగా అదుపు చేసేసరికి నవంబరు నెల వచ్చింది. వేలాది గ్రామస్థులు ఇండ్లు వదలి సహాయ శిబిరాలకు తరలవలసి వచ్చింది. బీలులోని చేపలు, గడ్డి, పక్షులు దెబ్బతిన్నవి. మంట ఆరిన మూడు నెలలకు ఆ నీటి మీదనే మాండరిన్ బాతు వచ్చి వాలింది. దానిని చూడడానికి వచ్చిన కెమెరాలలో ఆ నీటిని నమ్ముకొన్న జాలరి ముఖాన్ని ఎన్ని చిత్రించినవి? అరుదైన పక్షి మీద ప్రేమ, అది వాలిన నీటి మీద ప్రేమగా, ఆ నీటి ఒడ్డున బ్రతికే మనుష్యుల మీద ప్రేమగా విస్తరించకపోతే అది వేడుక మాత్రమే. మన కొల్లేరు, పులికాట్ సరస్సుల విషయంలోను ఈ మాట వర్తిస్తుంది. పక్షులా, మనుష్యులా అని పందెం వేసేవారు ఉభయులకూ ఆధారం ఒకే నీరని మరచిపోతున్నారు.

ఈ సందర్భంలో సాలిం అలీగారి బాల్యంలోని ఒక ఘట్టాన్ని స్మరించుకొనాలి. 1896లో బొంబాయిలో జన్మించిన ఆయన, ఇంకా బాలుడుగా ఉన్నప్పుడు ఒక పిచ్చుకను కొట్టారు. దాని గొంతు మీద పసుపు మచ్చ ఉన్నది. మామూలు పిచ్చుకలకు అది ఉండదు. సందేహం కలిగి మేనమామను అడిగితే, ఆయన బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి పంపారు. అక్కడి కార్యదర్శి మిల్లర్డు దొర ఆ బాలుని చూచి నవ్వలేదు. పసుపుగొంతు పిచ్చుక అని గుర్తించి చెప్పి, సంఘంలో భద్రపరచిన పక్షుల సేకరణను చూపించి, చదవడానికి పుస్తకాలిచ్చారు. ఆ బాలుడే 1931-32లో నిజాం ప్రభుత్వ సహకారంతో హైదరాబాదు సంస్థానమంతటా తిరిగి ఇక్కడి పక్షులను సర్వే చేశారు. మన నేల మీది పక్షుల గురించి ఈనాడు తెలిసిన దానిలో ఎంతో భాగానికి ఆ సర్వే పునాది. మిల్లర్డు దొర ఆనాడు “వెళ్లి చదువుకో” అని పంపివేసి ఉంటే?

ఆ ప్రశ్న వేసుకొన్నప్పుడల్లా వరండాలో తల వంచుకొని నిలబడిన మన విద్యార్థి నాకు గుర్తుకు వస్తాడు. అతడు సాలిం అలీ కావాలని గాని, అవుతాడని గాని నేను అనడం లేదు. తాను చూచినదానిని నిజాయితీగా తెచ్చి గురువు ముందు పెట్టిన విద్యార్థికి దక్కవలసినది నవ్వు కాదని మాత్రమే నా మనవి.

పరీక్షలు, ఉద్యోగాలు, కుటుంబ బాధ్యతలు మెడ మీద ఉన్న విద్యార్థులకు పక్షుల వ్యాపకం దేనికి, అది కలవారి కాలక్షేపం కాదా అని కమిటీ పెద్దలు కొందరు అడగవచ్చు. ఖరీదైన కెమెరాల విషయంలో ఆ విమర్శ కొంత న్యాయమే. కాని చూడడానికి ఖరీదు లేదు. మన చెరువును కలవారి బిడ్డలకంటె జాలరి కొడుకే ఎక్కువ ఎరుగును. పైగా ఇక్కడ అలవడేది పక్షుల పేర్లు మాత్రమే కాదు. చూచినదానిని చూచినంతే చెప్పడం, అనుమానాన్ని దాచకుండడం, పాత నమోదుతో సరిచూచుకొనడం, పొరపాటు తేలితే ఒప్పుకొనడం - ఇవి రేపు వైద్యుడికి, న్యాయవాదికి, పాత్రికేయునికి, కచేరి గుమాస్తాకు, సాక్షి బోనులో నిలబడే సామాన్యునికి అందరికీ అవసరం. నీటి మీది బాతు గురించి అబద్ధమాడనివాడు మనుష్యుల గురించి ఆడడానికి జంకుతాడు.

కనుక కమిటీవారికి నా విన్నపాలు మూడు. మొదటిది, గ్రంథాలయంలో ఒక పక్షి రిజిస్టరు ఉంచాలి. ఏ విద్యార్థి అయినా, సిబ్బందిలో ఎవరైనా అందులో వ్రాయవచ్చు. కాకి, కొంగ, నీటికోడి కూడ వ్రాయదగినవే. రెండవది, రెండు మంచి దుర్భిణీలు, ఒక పక్షుల పుస్తకం కొనిపెట్టాలి. వార్షికోత్సవంలో పూలదండలకు, శాలువలకు అయ్యే ఖర్చులో కొంత తగ్గించుకొన్నా అవి సమకూరుతవి. మూడవది, ఆసియా దేశాలలో 1987 నుండి ప్రతి జనవరిలో జరుగుతున్న నీటిపక్షుల లెక్కింపులో మన కళాశాల కూడ పాల్గొని, మన చెరువు లెక్కను పంపాలి.

దీనికి తోడు మా తెలుగు శాఖ, ఉర్దూ శాఖ కలిసి చేయగల పని ఒకటి ఉన్నది. పూర్వం నెల్లూరులో వైద్యుడుగా పని చేసిన జెర్డన్ దొర, 1862-64 నడుమ వెలువరించిన తన పక్షుల గ్రంథంలో తెలుగువారు వాడే పేర్లను కూడ సేకరించి చేర్చాడు. ఒక విదేశీయుడు చేసిన ఆ పనిని మన వీధులలో మనం చేయలేమా? చెరువు గట్టున జాలర్లు, రజకులు, పశువుల కాపరులు, బస్తీలలోని ముసలివారు ఏ పక్షిని ఏమని పిలుస్తారో తెలుగులోను, ఉర్దూలోను వ్రాసి పెడితే, రిజిస్టరు చివరి పుటలలో ఒక చిన్న నిఘంటువు తయారవుతుంది. జక్కవను, సుర్ఖాబును ఒకే వరుసలో వ్రాసిన నాడు మా రెండు శాఖలూ కొంత కొత్తగా చదువుకొన్నట్లు.

విద్యార్థినీ విద్యార్థులారా! మీ చెరువులోకి మాండరిన్ బాతు రాకపోవచ్చు. జీవితకాలమంతా గట్టున నిలబడినా అటువంటి అతిథి మీ కంట పడకపోవచ్చు. అయినా మీరు వ్రాసిన సాదా పుట ఒకటి నూరు సంవత్సరాల తరువాత ఎవరికో ఆధారం కాగలదు. 1902లో దిబ్రూ నది గురించి వ్రాసినవారికి, తమ మాటను 2021లో ఎవరో వెదకుతారన్న సంగతి తెలియదు.

ఆ రిజిస్టరు వచ్చిన నాడు మొదటి పుటలో మొదటి నమోదు ఏదో నేను ఇప్పటికే నిర్ణయించుకొన్నాను. ఆ విద్యార్థి చెప్పిన తేది, గంట, గట్టు, పక్షి చేసిన పనులు అతని చేతనే వ్రాయిస్తాను. “గుర్తింపు” అన్న గడిలో “తెలియదు” అని ఉంటుంది. దాని కింద, ఆ రోజు చెప్పినా చూడడానికి రాని ఉపన్యాసకుని పేరు నేనే నా చేతితో వ్రాస్తాను.